అన్న పడ్డాడు, నా తాళం దాచారు

సెలవుల్లో చూసిన ఒక చోటు గురించి గోడపత్రికకి రాయమని మేడమ్ అన్నప్పుడు మా క్లాసులో హంపి, ఊటీ, తిరుపతి, ధర్మస్థల అని పేర్లు వచ్చాయి. నేను "కార్ రేసుల ట్రాక్ మేడమ్" అన్నాను. వెనక బెంచీలో నవ్వారు. మేడమ్ నవ్వలేదు గానీ "అక్కడ నీకేం పనమ్మా?" అన్నారు. ఇదే ప్రశ్న బయల్దేరే ముందు మా ఇంట్లో అడిగారు. ట్రాక్ దగ్గర బండ్లు పార్క్ చేయించే ఒక పెద్దాయన కూడా అడిగాడు, పక్కనే ఉన్న మా అన్నని వదిలేసి నన్నే అడిగాడు. ముగ్గురికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను. యాత్ర గురించి అనుకుని చదవడం మొదలుపెడితే మధ్యలో మా ఇంటి గొడవ వస్తుంది, ముందే చెప్పేస్తున్నా.

ముందు మా అన్న సంగతి. వాణ్ణి అడిగే రాస్తున్నాను. "రాసుకో, పేరు మాత్రం వేయకు" అన్నాడు.

మాది రెండు భాషల ఇల్లు. నాన్నవాళ్ళది బాగేపల్లి వైపు, తెలుగు. అమ్మవాళ్ళది దొడ్డబళ్ళాపుర, కన్నడ. నాన్న తెలుగులో తిడతారు, అమ్మ కన్నడలో తిడుతుంది. అన్న బైకు మీద నుంచి పడిన రోజు మాత్రం ఇద్దరూ రెండు భాషలూ కలిపేశారు.

అన్న డిగ్రీ పాసైనందుకు పోయిన ఏడాది నాన్న బైకు కొనిచ్చారు. మన దేవనహళ్ళి సంగతి మీకు తెలుసు కదా. 2008లో ఎయిర్‌పోర్టు మొదలయ్యాక చుట్టూ లేఅవుట్లు వేస్తూనే ఉన్నారు. కొన్నింటిలో ఇప్పటికీ ఒక్క ఇల్లు లేదు, కానీ తారు రోడ్డు నున్నగా ఉంటుంది, కరెంటు స్తంభాలు వరసగా నిలబడి ఉంటాయి. ఆదివారం తెల్లారితే అబ్బాయిలు అక్కడికి చేరతారు. వీలింగ్ అంటారు, ముందు చక్రం గాల్లోకి లేపి వెనక చక్రం మీద పోవడం. ఒకడు చేస్తుంటే ఇంకొకడు ఫోన్లో తీస్తాడు. మా అన్న మూడో ఆదివారం పడ్డాడు. కాలర్ బోన్ విరిగింది, మోచేతి దగ్గర చర్మం లేచిపోయింది. హెల్మెట్ వాడి తల మీద లేదు, బైకు అద్దానికి వేలాడుతోంది. తలకీ కరెంటు స్తంభానికీ మధ్య జానెడు దూరం ఉందని తీసుకొచ్చిన వాళ్ళు చెప్పారు. అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టాల్సి వచ్చింది. అది ఇంకా అక్కడే ఉంది.

ఇంతవరకూ మీలో చాలామంది ఇళ్ళల్లో జరిగేదే. నా కథ ఆ తర్వాత మొదలవుతుంది.

సరిగ్గా ఆ నెలలోనే నేను లెర్నర్ లైసెన్సుకి అప్లై చేయాలి. నాన్న ఒప్పుకున్నారు. ఇంట్లో పాత స్కూటీ ఉంది, దాని తాళం వంటింటి గోడకి మేకు మీద వేలాడుతుండేది. అన్న ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు ఆ తాళం మేకు మీద లేదు. బీరువాలోకి పోయింది. "వాడికే ఇట్లా అయితే ఇంక నువ్వు ఎక్కడ తోలతావు పాపా" అన్నారు నాన్న. అమ్మ "బేడ కణే, నీను హుడుగి" అంది. మూడు నెలలకి అన్న భుజం బాగైంది, బైకు రిపేరై వచ్చింది, దాని తాళం వాడి జేబులోకే వెళ్ళింది. నా తాళం బీరువాలోనే ఉండిపోయింది.

ఒకసారి లెక్క చూడండి. నిబంధన తప్పినవాడు ఒకడు, పడ్డవాడు అతనే, శిక్ష పడింది బండి ముట్టుకోని మనిషికి. అప్పట్లో నేను గట్టిగా ఏమీ అనలేదు. ఇంట్లో అందరూ భయపడి ఉన్నారు, నాకూ భయమేసింది. అన్న నిద్రలో మూలుగుతుంటే పక్క గదిలో విన్నదాన్ని నేనే.

ఇక ట్రాక్ సంగతి. మా చిన్నాన్న తమిళనాడులో శ్రీపెరుంబుదూర్ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. రేసులు ఉన్న శని, ఆదివారాల్లో పక్కనే ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద మార్షల్‌గా నిలబడతాడు. జీతం కోసం కాదు, ఇష్టం కొద్దీ. అన్న పడ్డాడని తెలిసి ఫోన్ చేసి, "వాణ్ణి తిట్టొద్దన్నా, ఒకసారి ఇక్కడికి తీసుకురా, వేగం అంటే ఏందో చూపిస్తా" అన్నాడట. అవ్వ వెంటనే "శ్రీపెరుంబుదూర్ అంటే రామానుజులు పుట్టిన ఊరు గదా, నేనూ వస్తా" అంది. అలా అవ్వకి గుడి, అన్నకి బుద్ధి అని ప్రోగ్రామ్ తయారైంది. నన్ను ఎందుకు తీసుకెళ్ళారంటే ఇంట్లో ఒంటరిగా వదలరు కాబట్టి.

హొసకోటె, కోలారు దాటి ముళబాగిలులో దోసె తిన్నాం. బెంగళూరు నుంచి చెన్నైకి కడుతున్న ఎక్స్‌ప్రెస్‌వే మన హొసకోటె దగ్గరే మొదలై శ్రీపెరుంబుదూర్ దగ్గరే ముగుస్తుంది, దాదాపు 260 కిలోమీటర్లు. అన్న దాని మీద పోదామన్నాడు. అవ్వకి మాత్రం ముళబాగిలు దోసే కావాలి, అందుకని పాత రోడ్డే పట్టుకున్నాం. పలమనేరు, చిత్తూరు వచ్చేసరికి బోర్డులు తెలుగులోకి మారాయి, రాణిపేట దగ్గర తమిళంలోకి. చిత్తూరు దాకా నాన్న నడిపారు, తర్వాత అన్న. నేను మొత్తం దారి వెనక మధ్య సీట్లో అవ్వకీ అమ్మకీ నడుమ కూర్చున్నాను. నాకు రోడ్డు రెండు సీట్ల సందులోంచే కనిపించింది.

ట్రాక్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామందికి అది ఉందనే తెలియదు. మద్రాస్ మోటర్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో మొదలైంది. అప్పట్లో రేసులు చెన్నైకి ఉత్తరాన, నెల్లూరు వెళ్ళే దారిలో, షోలవరం దగ్గర జరిగేవి. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాడుబడ్డ విమానాల రన్‌వే అది. విమానాలు లేని రన్‌వే మీద కార్లు పరిగెత్తించారన్నమాట. తర్వాత క్లబ్ సొంతంగా ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ కట్టుకుంది, 1990లో మొదలైంది. చుట్టు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఆ ఊళ్ళోనే. 2005లో ఫార్ములా వన్‌లో కారు నడిపిన మొదటి భారతీయుడు నరైన్ కార్తికేయన్ తన మొట్టమొదటి రేసు ఈ ట్రాక్ మీదే చేశాడు, ఫార్ములా మారుతి అనే చిన్న కారులో.

ఆ ఫార్ములా మారుతి వెనక కోయంబత్తూరు మనిషి ఒకాయన ఉన్నాడు, ఎస్. కరివర్ధన్. లక్ష్మీ మిల్స్ పెట్టిన నాయుళ్ళ కుటుంబం. విదేశాల నుంచి రేసు కార్లు తెప్పించుకోవడం కోటీశ్వరులకే కుదిరే రోజుల్లో, మన మారుతి ఇంజిన్ పెట్టి తక్కువ ఖర్చులో ఒంటి సీటు రేసు కారు తయారు చేశాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరులో ఉన్న ట్రాక్‌కి ఆయన పేరే, కరి మోటర్ స్పీడ్‌వే. తక్కువ ఖర్చు అన్నాను గానీ మన లెక్కలో అది తక్కువేం కాదు. నాన్న చిన్నాన్నని పక్కకి తీసుకెళ్ళి ఒక సీజన్‌కి ఎంతవుతుందని అడిగి, లక్షల్లో జవాబు విని, నా వైపు చూసి "చూశావా" అన్నట్టు తలాడించారు. నేను రేసర్ అవుతానని ఎప్పుడన్నాను? పాలకి, బస్టాండుకి పోవడానికి స్కూటీ అడిగానంతే.

లోపలికి వెళ్ళగానే మొదట తగిలేది సద్దు. అవ్వ చెవుల్లో దూది పెట్టుకుంది. పది నిమిషాలు చూసి, "యాడికీ పోకుండా తిరిగి తిరిగి ఈడికే వచ్చేదానికి ఇంత సద్దా?" అంది. చిన్నాన్న నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

కానీ నన్ను పట్టుకున్నది సద్దు కాదు, ఆ చోట ఉన్న క్రమశిక్షణ. మన కాలేజీ ఎన్ఎస్ఎస్ క్యాంపులో కూడా అంత ఉండదు. ప్రతి మలుపు దగ్గరా మార్షల్స్, వాళ్ళ చేతుల్లో జెండాలు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, అక్కడ ఎవరూ ఎవర్నీ దాటకూడదు. నీలం అంటే వెనక నుంచి నీకంటే వేగంగా ఒకరు వస్తున్నారు, దారివ్వు. ఎరుపు అయితే అంతా ఆగిపోవాలి. నలుపు చూపిస్తే నీ ఆట ఐపోయింది, లోపలికి రా. వాదన లేదు, "నేనెవరో తెలుసా" అనడం లేదు. ఆ ఉదయం ఒకతను పసుపు జెండా కింద ముందు కారుని దాటేశాడు. అందరికంటే వేగంగా పోతున్నవాడు అతనే, అయినా శిక్ష పడింది. అన్న నోరు తెరుచుకుని చూశాడు.

నిప్పంటుకోని బట్టలు వేసుకోవాలి. హెల్మెట్ వెనక మెడని కాపాడే ఒక పట్టీ లాంటిది ఉంటుంది, హాన్స్ అంటారు. 2003 నుంచి ఫార్ములా వన్‌లో అది లేకుండా కారెక్కనివ్వరు. ట్రాక్ పక్కన కంకర పోసిన గుంటలు, టైర్ల గోడలు. జారితే ఎక్కడ ఆగాలో ముందే ఆలోచించి పెట్టారు. అన్నిటికంటే నాకు నచ్చింది పిట్ లేన్. కార్లు టైర్లు మార్చుకోవడానికి లోపలికొచ్చే సందు అది. అక్కడ మనుషులు నిలబడి పని చేస్తుంటారు కాబట్టి వేగానికి హద్దు ఉంటుంది. గంటకి 300 కిలోమీటర్లు పోయే ఫార్ములా వన్ కారు కూడా చాలా ట్రాకుల మీద ఆ సందులో 80 దాటకూడదు, దాటితే జరిమానా. మనుషులున్న చోట నెమ్మదిగా పోవాలని ప్రపంచంలో అందరికంటే వేగంగా నడిపేవాళ్ళు ఒప్పుకున్నారు. మన సంత వీధిలో ఒప్పుకోరు.

ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు, చావుల మీద వచ్చాయి. 1975లో స్పెయిన్‌లో మోంజుయిక్ అనే చోట ఫార్ములా వన్ రేసు జరిగింది. కంచెలు సరిగ్గా బిగించలేదని డ్రైవర్లు ముందే గొడవ చేశారు. రేసులో ఒక కారు ఎగిరి జనం ఉన్న వైపు పడింది, చూడ్డానికొచ్చిన వాళ్ళు చనిపోయారు. రేసు మధ్యలో ఆపేశారు కాబట్టి పాయింట్లు సగమే ఇచ్చారు. ఆ రోజు ఆరో స్థానంలో ఉన్నది ఇటలీ అమ్మాయి లెల్లా లొంబార్డి. ఆమెకి అర పాయింటు వచ్చింది. ఫార్ములా వన్ చాంపియన్‌షిప్‌లో ఇప్పటిదాకా ఒక ఆడమనిషి సంపాదించిన మొత్తం అదే, అర పాయింటు. ఈ మాట చిన్నాన్న చెప్పినప్పుడు నాకు సంతోషపడాలో ఏడవాలో అర్థం కాలేదు.

మధ్యాహ్నం చిన్న కార్ల రేసు ఒకటి. పిట్ వెనకాల నీడలో ఒక అమ్మాయి నిలబడి ఉంది, పదిహేడు, పద్దెనిమిది ఉంటాయేమో. వాళ్ళమ్మ ఆ పిల్ల జడని మెడ వెనక మడిచి, పిన్నులు పెట్టి, ముఖానికి తొడిగే గుడ్డ లోపలికి తోస్తోంది. ఏ పెళ్ళిలోనో పూలు పెడుతున్నంత శ్రద్ధగా. వాళ్ళు మాట్లాడుకుంటున్నది తెలుగు! చెన్నైలో స్థిరపడ్డ నెల్లూరు వాళ్ళట. అవ్వ ఊరుకుంటుందా, దగ్గరికి పోయి "భయం లేదా తల్లీ?" అంది. ఆ అమ్మాయి "ఉంటుంది అవ్వా. భయం లేదంటే మా కోచ్ కారు ఇవ్వడు" అంది. అవ్వ వెనక్కి తిరిగి మా నాన్న వంక చూసింది. ఏమీ అనలేదు, ఊరికే చూసింది.

ఆ అమ్మాయి గెలవలేదు. ఏడో స్థానమో ఎనిమిదో. కారు దిగి టైరు గురించి వాళ్ళ నాన్నతో గట్టిగా పోట్లాడుతోంది. ఆ పోట్లాట చూసి నాకు అసూయ వేసింది, నిజం చెబుతున్నా. గెలుపు మీద కాదు. వాళ్ళ ఇంట్లో గొడవ టైరు గురించి, మా ఇంట్లో గొడవ తాళం గురించి.

ఇలాంటి అమ్మాయిలు ఎక్కడో విదేశాల్లో ఉంటారనుకుంటాం. మన బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సె 2019లో బాహా అనే ఎడారి, మట్టి దారుల మోటర్‌సైకిల్ రేసుల్లో ప్రపంచ కప్ మహిళల విభాగం గెలిచింది. మోటర్‌స్పోర్ట్‌లో ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలు. మన ఎయిర్‌పోర్టులోనే దిగి ఉంటుంది కదా! సౌదీ అరేబియాలో ఆడవాళ్ళు కారు నడపడానికి 2018 జూన్ 24న అనుమతి వచ్చింది. సరిగ్గా ఆ రోజే అసీల్ అల్ హమద్ అనే సౌదీ మహిళ ఫ్రాన్స్‌లో రేసు ట్రాక్ మీద ఫార్ములా వన్ కారు నడిపి చూపించింది. అక్కడ చట్టం అడ్డం ఉండేది. ఇక్కడ చట్టం ఏ రోజూ అడ్డం లేదు. పద్దెనిమిది నిండితే నాకూ అన్నకీ ఒకే ఫారం.

ఇప్పుడు అమ్మ మాట. అమ్మని తేలిగ్గా కొట్టిపారేయలేను, ఎందుకంటే ఆమె చెప్పేది అబద్ధం కాదు. "ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకి పోతారు. రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాడు ఎవడో, తాగినవాడో ఎవరికి తెలుసు? నువ్వు బాగా నడిపినా వాడు బాగా నడపాలి కదా" అంటుంది. రాత్రి పూట వెంటపడే వాళ్ళ గురించి కూడా అంటుంది. బస్సు ఉంది కదా, 2023 జూన్ నుంచి శక్తి పథకంలో ఆడవాళ్ళకి టికెట్ కూడా లేదు, ఇంక బండెందుకు అంటుంది. బస్సు గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు, నేను కాలేజీకి వచ్చేది దాంట్లోనే. కానీ బస్సు దిగాక మా ఇంటికి రెండు కిలోమీటర్లు. సాయంత్రం ఆలస్యమైతే నాన్న రావాలి, లేదా అన్న రావాలి. అంటే నన్ను తీసుకురావడానికి వచ్చేది ఎవరు? వీలింగ్ చేసి పడినవాడు. వాడి వెనక కూర్చుంటే నేను క్షేమం, నేను ముందు కూర్చుంటే ప్రమాదం. ఇదెక్కడి లెక్క?

లెక్క కావాలంటే సర్కారు వాళ్ళ లెక్కే ఉంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో హెల్మెట్ లేని వాళ్ళు 50,029 మంది. ఆ యాభై వేలలో 14,337 మంది బండి నడిపిన వాళ్ళు కాదు, వెనక కూర్చున్న వాళ్ళు. మా అమ్మ నాన్న వెనక ఎలా కూర్చుంటుందో చెప్పనా? చీర కట్టుకుని ఒక పక్కకి, ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో సీటు. హెల్మెట్ పెట్టుకుంటే కొప్పు నలుగుతుందని ఒళ్ళో పెట్టుకుంటుంది, పోలీసు కనిపిస్తే తల మీదకి. మన ఇళ్ళల్లో "జాగ్రత్త" అనే మాటకి అర్థం ఇదైపోయింది, నడపకపోవడం. నడపకపోతే ప్రమాదం ఉండదనుకుంటాం. ఆ 14,337 మందిలో ఎంతమంది జాగ్రత్తగా వెనక కూర్చున్నారో.

మా అన్న వైపు నుంచి కూడా ఒక మాట. తిరుగుదారిలో వాడు చాలాసేపు మాట్లాడలేదు. చిత్తూరు దాటాక "మాకు ఎవరూ నేర్పలేదు నాన్నా, తాళం ఇచ్చారంతే" అన్నాడు. నాకు వాడి మీద ఉన్న కోపంలో సగం అక్కడే పోయింది. నిజమే కదా. వాడికి బండి ఇచ్చారు, నేర్పలేదు. నాకు నేర్పలేదు, బండి కూడా ఇవ్వలేదు. అబ్బాయికి ధైర్యం పుట్టుకతో వస్తుందని నమ్మారు, అమ్మాయికి భయం పుట్టుకతో వస్తుందని నమ్మారు. రెండూ నేర్చుకోవాల్సినవే అని ఆ నెల్లూరు పిల్ల ఒక్క ముక్కలో చెప్పింది.

"మన దేవనహళ్ళిలో కూడా ఒక ట్రాక్ ఉంటే మేం రోడ్డు మీద చేసేవాళ్ళం కాదు" అని అన్న వాదన. దీంతో నేను ఒప్పుకోను. ట్రాక్ అంటే నేల కావాలి. ఎవరి నేల? చన్నరాయపట్టణ హోబళిలో 13 ఊళ్ళ రైతులు 1,777 ఎకరాల కోసం మూడేళ్ళకి పైగా ధర్నా చేశారు. 2025 జూలైలో సర్కారు ఆ భూమి తీసుకోవడం మానుకుంటామని చెప్పాక గానీ ఆగలేదు. మనలో ఆ ఊళ్ళ వాళ్ళు ఉన్నారు, వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో పెద్ద ఖర్చు పెట్టి బుద్ధ్ సర్క్యూట్ కట్టారు. ఫార్ములా వన్ అక్కడ 2011, 2012, 2013లో మూడు సార్లు జరిగింది, మూడు సార్లూ వెట్టెల్ గెలిచాడు, తర్వాత మళ్ళీ రాలేదు. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన రోడ్ల మీదే కరెంటు కార్ల రేసు పెట్టారు, ఫార్ములా ఈ. మన దేశంలో అదే మొదటిది. తర్వాతి ఏడాది రేసు రద్దయింది. మా అత్తవాళ్ళు ఖైరతాబాదులో ఉంటారు, రేసు గురించి అడిగితే రోడ్లు మూసిన సంగతి తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఇవన్నీ చూడ్డానికి బాగుంటాయి. వీటివల్ల ఒక్క పిల్లకి క్లచ్ పట్టుకోవడం వచ్చిందా?

మనకి కావాల్సింది చాలా చిన్నది. మన కాలేజీ వెనక గ్రౌండ్ ఆదివారం ఖాళీగా ఉంటుంది. నాలుగు సున్నపు గీతలు, ఎనిమిది అంకె వేయడానికి నాలుగు ఇటుకలు, ఆర్టీఓ పరీక్షలో అడిగేది కూడా ఆ ఎనిమిదే. రక్తదాన శిబిరం పెట్టినట్టే లెర్నర్ లైసెన్సు శిబిరం ఒకటి పెట్టమని ప్రిన్సిపల్ మేడమ్‌ని అడగాలని నా కోరిక. మన ఆర్టీఓ ఆఫీసు వేరే ఊళ్ళో కూడా లేదు, కేఏ-43 అంటే దేవనహళ్ళే. మా బెంచీలో నలుగురం ఉన్నాం, నలుగురికీ ఓటుంది, లైసెన్సు ఒక్కరికి ఉంది. ఆ ఒక్కరికీ బండి లేదు.

డిపార్ట్‌మెంటులో మేడమ్‌లలో ఇద్దరు స్కూటర్ మీద వస్తారు. మీరు ఎప్పుడు నేర్చుకున్నారు, ఎవరు నేర్పారు, ఇంట్లో ఏమన్నారు, ఇవి వచ్చే నెల గోడపత్రికకి రాస్తే మేం చదువుతాం మేడమ్. నిజంగా అడుగుతున్నాను.

అవ్వ గురించి ఒకటి చెప్పడం మర్చిపోయాను. ఆ రాత్రి ఇల్లు చేరాక నాన్నతో అంది: "నా పెండ్లికి ముందు మా నాయిన పొలానికి ఎద్దుల బండి నేనే తోలేదాన్ని. పెండ్లయినాక మీ నాయిన పక్కన కూసోని వక్కాకు నములుతా ఉంటే కూడా నేనే తోలినా. అప్పుడు యాడన్నా పడినానా?" నాన్న "అది ఎద్దుల బండమ్మా" అన్నారు. "ఎద్దులకి బ్రేకులు ఉంటాయా?" అంది అవ్వ. నాన్న లేచి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

తాళం ఇంకా బీరువాలోనే ఉంది. కానీ బీరువా తాళం అవ్వ దగ్గర ఉంటుంది, ఆ సంగతి అమ్మకీ తెలుసు, నాన్నకీ తెలుసు. మూడు ఆదివారాల నుంచి పొద్దున ఆరింటికి అన్న నన్ను అదే ఖాళీ లేఅవుట్‌కి తీసుకెళ్తున్నాడు. వాడు పడ్డ స్తంభానికి నాలుగు స్తంభాల ఇవతల ఆగి, నాకు హెల్మెట్ బకిల్ పెట్టించి, తనూ పెట్టుకుని, రోడ్డు పక్కన నిలబడతాడు. చేతిలో మా అమ్మ పసుపు రంగు టవల్. నేను గట్టిగా ఆక్సిలరేటర్ తిప్పితే అది ఊపుతాడు. పోయిన వారం ఎనిమిది వేయబోయి రెండు సార్లు కాలు కింద పెట్టాను. లెర్నర్ లైసెన్సుకి నేనే ఆన్‌లైన్‌లో అప్లై చేశాను. నాన్నకి ఇంకా చెప్పలేదు. ఈ గోడపత్రిక ఆయన చదవరు గానీ మా వీధి అమ్మాయిలు ఇద్దరు చదువుతారు కాబట్టి ఈ సాయంత్రం లోపల నేనే చెప్పేయాలి.

ఆదివారం ఎవరైనా వస్తామంటే ముందు రోజు చెప్పండి. స్కూటీ ఒకటే ఉంది, హెల్మెట్లు మాత్రం రెండు ఉన్నాయి.